ఈతకూ పరుగుకూ ఒకే బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్: ఐపీ నంబర్ కంటే ముందు మెమరీ చూడాలి

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. మహబూబ్‌నగర్ పెద్ద చెరువు కట్ట మీద పొద్దున పరుగెత్తుతావు, ఈ మధ్య స్విమ్మింగ్ పూల్‌కు కూడా పోతున్నావు, రెండింటికీ పనికొచ్చే బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్ (చెవిలో దూర్చకుండా, ఎముక ద్వారా శబ్దం పంపేది) ఒకటి కావాలి, బడ్జెట్ 8 వేల దాకా. ఆన్‌లైన్‌లో 1,500 రూపాయలకే ‘ఐపీఎక్స్8’ (నీళ్లను ఎంత తట్టుకుంటుందో చెప్పే రేటింగ్) అని రాసి ఉన్నది ఒకటి కనపడింది, తీసుకోవచ్చా? ఊరికి పోయినప్పుడు బావిలో ఈత కొట్టేటప్పుడు పెట్టుకోవచ్చా? చెవులకేమైనా అవుతుందా? నేను నల్గొండలో ఫోన్లు, ఇయర్‌ఫోన్లు, స్పీకర్లు రిపేర్ చేస్తాను. పొద్దున ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో పరుగు, ఎండాకాలంలో ఈత నాకూ అలవాటే. ‘వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంది కదన్నా’ అంటూ నీళ్లు తాగిన ఇయర్‌ఫోన్లు పట్టుకొచ్చేవాళ్లు నా దగ్గరికి ఏడాది పొడుగునా వస్తూనే ఉంటారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు అసలు సంగతి. నీళ్లలో బ్లూటూత్ పనిచేయదు. ఏ కంపెనీది కొన్నా, ఎంత పెట్టి కొన్నా అంతే. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద నడుస్తుంది. ఆ తరంగాలను నీళ్లు మింగేస్తాయి. గాలిలో పది మీటర్ల దాకా అందే సిగ్నల్ నీళ్లలో కొన్ని సెంటీమీటర్లు కూడా సరిగ్గా పోదు. ఫోన్‌ను పూల్ గట్టు మీద పెట్టి ఫ్రీస్టైల్ కొడితే తల మునిగినప్పుడల్లా పాట తెగిపోతుంది. చేతికున్న స్మార్ట్‌వాచ్ నుంచి పాటలు పెట్టుకుంటానంటే, ఆ చెయ్యీ నీళ్లలోనే ఉంటుంది కాబట్టి అదీ కుదరదు. కాబట్టి ఈతకు వాడే హెడ్‌ఫోన్‌లో పాటలు దాని లోపలే ఉండాలి. అంటే సొంత మెమరీ, సొంత ఎంపీ3 ప్లేయర్ ఉన్న మోడల్ కావాలి. నువ్వు చూసిన 1,500 రూపాయల దాని వివరాల్లో మెమరీ ఎన్ని జీబీలో రాసి ఉందా? లేకపోతే దాని మీద ఐపీఎక్స్8 కాదు, ఇంకేం రాసి ఉన్నా ఈతకు పనికిరాదు. నీళ్లలో పడి పాడు కాకపోవచ్చేమో గానీ, పాడదు కూడా.

జనం అందరూ ముందు ఐపీ నంబరే చూస్తారు. అది చూడొద్దని అనను. కానీ అది ఏం చెప్తుందో, ఏం చెప్పదో తెలిసి చూడాలి. ఐపీ తర్వాత మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీళ్లకు. అంకె ఉండాల్సిన చోట ఎక్స్ ఉంటే ఆ పరీక్షకు రేటింగ్ ఇవ్వలేదని అర్థం. ఐపీ55 అంటే చెమట, వాన, కొళాయి ధార తట్టుకుంటుంది, మునగడానికి లేదు. చివరి అంకె 7 అయితే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచి చూసినట్టు. 8 అయితే అంతకంటే కఠినమైన పరీక్షే గానీ, ఎంత లోతు, ఎంతసేపు అన్నది తయారు చేసినవాళ్లే నిర్ణయించి చెప్పాలి. ఆ రెండు సంగతులూ చెప్పకుండా ఉత్త 8 అంకె ఒక్కటే వేసి అమ్ముతున్నారంటే ఆ అంకెకు విలువ లేదు.

ఇంకో రెండు ముక్కలు. ఈ పరీక్షలు కొత్త వస్తువు మీద, మంచినీళ్లలో, కదలకుండా పెట్టి చేస్తారు. పూల్‌లో క్లోరిన్ ఉంటుంది, నీ ఒంటి మీద చెమట ఉప్పు ఉంటుంది, మన దగ్గర మే నెల ఎండ ఉంటుంది. ఇవేవీ ఆ పరీక్షలో లేవు. అట్లాగే 7, 8 అంకెలు మునగడం గురించే చెప్తాయి, జోరుగా కొట్టే ధార గురించి చెప్పవు. ధారకు 5, 6 అంకెలు వేరే ఉన్నాయి. అందుకే మునగడానికి తట్టుకునే హెడ్‌ఫోన్ అయినా బైక్ కడిగే పైపు కింద పెట్టి కడగకూడదు.

ఇక ‘బోన్ కండక్షన్’ అన్న పేరు. ఈ పేరు మీద మార్కెట్‌లో మోసం బాగా నడుస్తోంది. నిజమైన బోన్ కండక్షన్‌లో చెవి ముందు, దవడ ఎముక కీలుకు కొంచెం పైన ఆనుకునే చిన్న బిళ్ల వణుకుతుంది. ఆ వణుకు పుర్రె ఎముక ద్వారా నేరుగా లోపలి చెవిలోని కాక్లియాకు చేరుతుంది. కర్ణభేరి దాకా పోయే పనే లేదు, చెవి రంధ్రం పూర్తిగా తెరిచే ఉంటుంది. చవక రకాల్లో చాలావాటిలో ఆకారం ఇట్లాగే ఉంటుంది గానీ లోపల ఉండేది మామూలు బుల్లి స్పీకరే. చెవి పక్కన పెట్టి గాలిలోకి శబ్దం వదులుతుంది. పరుగుకు అది కూడా పరవాలేదు, చెవి తెరిచే ఉంటుంది కదా. ఈతకు మాత్రం పనికిరాదు. స్పీకర్ జాలీలోకి నీళ్లు చేరగానే గొంతు మూసుకుపోతుంది.

అసలుదో నకిలీదో తేల్చుకోవడం చాలా తేలిక. పెట్టుకుని పాట వేసి, రెండు చెవి రంధ్రాలను వేళ్లతో మూసుకో. అసలు బోన్ కండక్షన్ అయితే శబ్దం పెరుగుతుంది, ముఖ్యంగా డప్పు, బేస్ బాగా నిండుగా వినిపిస్తాయి. ఉత్త స్పీకర్ అయితే శబ్దం పడిపోతుంది. చెవులు మూసుకుని ‘ఊఁ’ అని మూలిగితే నీ గొంతు నీకే పెద్దగా వినిపించడం కూడా ఇందువల్లే. ఎముక ద్వారా వచ్చిన శబ్దం బయటికి పోయే దారి మూసుకుపోయి లోపలే నిలుస్తుంది. షాపులో అయితే కొనే ముందే, ఆన్‌లైన్‌లో అయితే డబ్బా వచ్చిన రోజే ఈ పరీక్ష చెయ్యి.

ఈతకు వచ్చేసరికి ఇదే సూత్రం మళ్లీ పనికొస్తుంది. నేలమీద బోన్ కండక్షన్ వినేవాళ్లు బేస్ లేదని, పల్చగా ఉందని అంటారు. అది నిజమే. నీళ్లలో తల పెట్టాక పరిస్థితి మారుతుంది. చెవిలో నీళ్లు నిండి ఉన్నప్పుడు మనం వినేదంతా ఎక్కువగా ఎముక ద్వారానే. అందుకే అక్కడ ఈ రకం హెడ్‌ఫోన్‌కు సాటి లేదు. ఫ్రీస్టైల్‌లో ఊపిరి కోసం తల తిప్పినప్పుడు ఒక చెవి గాలిలోకి, ఒక చెవి నీళ్లలో ఉండి శబ్దం ఎగుడుదిగుడుగా వస్తుంది. దీనికి మందు ఈతగాళ్లు వాడే సిలికాన్ ఇయర్‌ప్లగ్స్. అవి పెట్టుకుంటే చెవి రంధ్రం మూసుకుని, తల నీళ్లలో ఉన్నా బయట ఉన్నా శబ్దం ఒకేలా, నిండుగా వస్తుంది. చాలా హెడ్‌ఫోన్లతోపాటు డబ్బాలోనే ఇస్తారు. పసుపు రంగు ఫోమ్ ప్లగ్స్ ఉంటాయి చూడు, ఫ్యాక్టరీల్లో చప్పుడుకు వాడేవి, అవి నీళ్లు పీల్చుకుంటాయి, ఈతకు వాడొద్దు. పరుగులో మాత్రం ఏ ప్లగ్సూ పెట్టుకోవద్దు. చెవి తెరిచి ఉంచుకోవడానికే కదా రోడ్డు మీద ఈ హెడ్‌ఫోన్ పెట్టుకునేది.

మోడళ్ల సంగతికి వస్తాను. ఈ రకంలో బాగా తెలిసిన పేరు షాక్స్. 2021 దాకా ఆఫ్టర్‌షాక్స్ అని ఉండేది. అందులోనే తేడాలు గట్టిగా చూసుకోవాలి, ఎందుకంటే ఒకే కంపెనీవి, చూడడానికి ఒకేలా ఉంటాయి. ఓపెన్‌రన్ ఐపీ67, బ్యాటరీ 8 గంటలు, పరుగుకు చక్కటిది. కానీ మెమరీ లేదు, ఈతకు కాదని కంపెనీయే చెప్తుంది. ఓపెన్‌రన్ ప్రో ఇంకా ఖరీదైనది, శబ్దం ఇంకా బాగుంటుంది, అయినా నీళ్ల రేటింగ్ ఐపీ55 మాత్రమే. ధర ఎక్కువ కదా నీళ్లకూ ఎక్కువే తట్టుకుంటుందని అనుకునేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ఓపెన్‌స్విమ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఐపీ68, లోపల 4 జీబీ మెమరీ, బ్లూటూత్ అసలు లేదు. పూల్‌కు గట్టి వస్తువు, పరుగులో కూడా వాడొచ్చు గానీ ఫోన్ వస్తే ఎత్తలేవు, యూట్యూబ్ వినలేవు. 2024లో వచ్చిన ఓపెన్‌స్విమ్ ప్రోలో రెండూ ఉన్నాయి. బ్లూటూత్ ఉంది, 32 జీబీ మెమరీ ఉంది, 2 మీటర్ల లోతులో 2 గంటలు అని కంపెనీ స్పష్టంగా చెప్పింది. బ్లూటూత్ మీద 9 గంటలు, మెమరీలో పాటలు వింటే 6 గంటలు బ్యాటరీ. బరువు 27 గ్రాములకు కొంచెం పైన. నువ్వు అడిగిన ‘రెండింటికీ ఒకటే’ అన్నదానికి సూటిగా సరిపోయేది ఈ తరహా మోడలే. సుంటో ఆక్వా కూడా ఇదే కోవలోది, 32 జీబీ, బ్లూటూత్, పైగా ఈతలో తల ఎట్లా కదులుతుందో లెక్క చెప్తుంది. హెచ్2ఓ ఆడియో అనే కంపెనీ ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీ) వాళ్ల కోసం చేసిన మోడళ్లు కొన్ని 8 జీబీతో వస్తాయి.

బడ్జెట్ దగ్గర నిక్కచ్చిగా చెప్తున్నాను. ఓపెన్‌స్విమ్ ప్రో అమెరికాలో విడుదలైనప్పుడు ధర దాదాపు 180 డాలర్లు. మన రూపాయల్లో అది నీ 8 వేల గీత దాటిపోతుంది. అప్పుడు నీ ముందు రెండు మంచి దారులున్నాయి. నీకు ఈత ముఖ్యమైతే, బ్లూటూత్ లేకుండా మెమరీ మాత్రమే ఉన్న పాత తరం మోడల్ ఆఫర్‌లో దొరికినప్పుడు తీసుకో. పరుగులో కూడా అందులోని పాటలే విను, ఫోన్ జేబులో వేసుకునే బాధ కూడా తప్పుతుంది. పరుగు ముఖ్యమైతే, ఐపీ55 లేదా ఐపీ67 ఉన్న పరుగు హెడ్‌ఫోన్ ఒకటి కొనుక్కుని, పూల్‌లో పాటలు మానెయ్యి. పూల్‌లో పద్ధతిగా ఈత ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నావు కాబట్టి నీకు రెండో దారే మంచిదని నా అభిప్రాయం. ఊపిరి తీసే లయ ఇంకా ఒంటికి పట్టని దశలో పాట పెట్టుకుంటే కాళ్లూ చేతులూ పాట వెంట పోతాయి, ఊపిరి వెనకబడుతుంది. 25 మీటర్లు ఆగకుండా, ఆయాసపడకుండా నాలుగైదుసార్లు పోయి రాగలిగిన తర్వాత పాటల సంగతి ఆలోచించు. కోచ్ విజిల్ వినపడాల్సిన రోజుల్లో చెవుల మీద ఏమీ పెట్టుకోకపోవడమే మేలు.

పేరు తెలియని బ్రాండ్లలో కూడా 32 జీబీ, ఐపీ68 అని తక్కువ ధరకు వస్తున్నాయి. అన్నీ చెడ్డవని అనను. కొనే ముందు మూడు సంగతులు తేల్చుకో. లోతు, సమయం రాశారా? వారంటీలో నీళ్లు పోయినా మార్చిస్తామని ఉందా? చార్జింగ్ వైరు విడిగా దొరుకుతుందా? చాలావాటికి అయస్కాంతంతో అతుక్కునే ప్రత్యేకమైన వైరు ఉంటుంది, మామూలు టైప్-సి కాదు. ఆ వైరు పోతే, ఇంకోటి దొరక్కపోతే హెడ్‌ఫోన్ ఉన్నా లేనట్టే. టైప్-సి రంధ్రానికి రబ్బరు మూత పెట్టి ‘స్విమ్మింగ్’ అని అమ్మేవి ఉంటాయి, వాటిని ముట్టుకోకు. ఆ మూత రోజూ తీసి పెడుతుంటే కొన్నాళ్లకు వదులవుతుంది, నీళ్లు అక్కడి నుంచే దారి చూసుకుంటాయి. సెకండ్ హ్యాండ్ కూడా వద్దు. సీళ్లు ఎంత ముసలివయ్యాయో పైనుంచి చూస్తే నాకే తెలియదు.

పాటలు ఎక్కించే దగ్గర చాలామంది తికమకపడతారు. స్పాటిఫై, జియోసావన్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు ఆ యాప్‌లోనే వినపడతాయి. వాటికి తాళం వేసి ఉంటుంది, కాపీ చేసి హెడ్‌ఫోన్‌లో వేస్తే పాడవు. నీ దగ్గర విడిగా ఎంపీ3 ఫైళ్లు ఉండాలి. కొనుక్కున్న పాటలు, పాత సీడీల నుంచి తీసినవి, డౌన్‌లోడ్ ఇచ్చే పాడ్‌కాస్ట్‌లు, ఇట్లాంటివి. హెడ్‌ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలిస్తే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది, అందులో వేసెయ్యడమే. 128 కేబీపీఎస్ (పాట నాణ్యతకు కొలత, అంకె పెరిగేకొద్దీ ఫైలు పెద్దదవుతుంది) ఫైలు నిమిషానికి దాదాపు 1 ఎంబీ తింటుంది. అయిదు నిమిషాల పాట 5 ఎంబీ, అంటే 4 జీబీలోనే దాదాపు 800 పాటలు పడతాయి. 32 జీబీ కోసం అదనంగా డబ్బు పెట్టాలా అని అడిగితే, మెమరీ ఒక్కదాని కోసమైతే అక్కర్లేదు. నీళ్లలో, ఎముక ద్వారా వినేటప్పుడు 320 కేబీపీఎస్‌కూ 128కీ తేడా నీకు తెలియదు. ఇంకోటి, స్క్రీన్ ఉండదు కాబట్టి నీళ్లలో పాట వెతకలేవు. బటన్ నొక్కుతూ ముందుకు పోవడమే. అందుకే నీ ఈత ఎంతసేపో అంతకు సరిపడా పాటలు వరుసలో ఒక ఫోల్డర్‌గా పెట్టుకో. బటన్లు నిజంగా నొక్కే రకమై ఉండాలి. తాకితే పనిచేసే టచ్ రకమైతే నీళ్లు తగిలినప్పుడల్లా అదే పాట మార్చేస్తుంది.

పెట్టుకునే పద్ధతి కూడా చెప్తాను, ఎందుకంటే సగం ఫిర్యాదులు దీని గురించే. ముందు హెడ్‌ఫోన్ కొక్కేలు చెవుల మీద తగిలించి, బిళ్లలు చెవి ముందు ఎముకకు సరిగ్గా ఆనేలా సర్దు. దాని మీద స్విమ్ క్యాప్ లాగు. ఈత కళ్లద్దాల పట్టీ ఆఖరున, మెడ వెనకాల ఉండే హెడ్‌ఫోన్ తీగ మీదుగా పోకుండా, కొంచెం పైనుంచి రావాలి. పట్టీ తీగను నొక్కితే బిళ్ల ఒక పక్క లేచిపోయి ఒక చెవిలో పాట చిన్నగా వస్తుంది, అది హెడ్‌ఫోన్ లోపం అనుకుంటారు. మెడ వెనకాల తీగ మరీ బయటికి పొడుచుకుని ఉంటే, తల పైకెత్తి ముందుకు చూసినప్పుడు మెడకు తగిలి హెడ్‌ఫోన్ ముందుకు జరుగుతుంది. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ఇది బాగా ఇబ్బంది. చిన్న తల ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు, పిల్లలకు కొన్ని మోడళ్లలో మినీ సైజు దొరుకుతుంది, ఉంటే అదే తీసుకోవాలి.

ఇప్పుడు పరుగు. చెరువు కట్ట మీద పొద్దున అయిదింటికి వెనక నుంచి వచ్చే బండి చప్పుడు, కుక్కల గుంపు మొరుగుడు వినపడడం ప్రాణానికి సంబంధించిన విషయం. చెవి నిండా దూర్చే ఇయర్‌బడ్స్ కంటే ఇవి మేలు అనడానికి ఇదొక్కటి చాలు. అయితే తెరిచిన చెవికి లారీ మోత కూడా అంతే తెరిచి వినపడుతుంది. జడ్చర్ల రోడ్డు లాంటి రద్దీ దారి పక్కన పరుగెత్తితే పాట మునిగిపోతుంది, చెయ్యి దానంతటదే వాల్యూమ్ మీదికి పోతుంది. అక్కడే ఆగాలి. వాల్యూమ్ పెంచితే చెవి తెరిచి ఉన్న లాభమంతా పోతుంది. నీ అడుగుల చప్పుడు నీకు వినపడేంతవరకే వాల్యూమ్ అని నేను పెట్టుకున్న లెక్క. రద్దీ చోట ఆపెయ్యి, కట్ట మీదికి వచ్చాక మళ్లీ వేసుకో.

చెవులకేమైనా అవుతుందా అని అడిగావు. కర్ణభేరిని వాడదు కాబట్టి చెవికి హాని లేదని ప్రకటనల్లో చెప్తారు, ఆ మాట నమ్మకు. పెద్ద శబ్దానికి దెబ్బతినేది కాక్లియాలోని సన్నటి కణాలు. శబ్దం ఎముక నుంచి వచ్చినా గాలి నుంచి వచ్చినా చేరేది అక్కడికే, పోయిన ఆ కణాలు మళ్లీ పుట్టవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పిన హద్దు వారానికి 80 డెసిబెల్స్ మీద 40 గంటలు. శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు చాలా వేగంగా తగ్గిపోతాయి. లాభం ఒకటి మాత్రం ఉంది. చెవి రంధ్రంలో ఏదీ దూర్చం కాబట్టి చెమట నిలవడం, దురద, గులిమి లోపలికి నెట్టుకుపోవడం ఉండవు. చెవిలో చీము, నొప్పి, కర్ణభేరికి రంధ్రం ఉన్నవాళ్లయితే హెడ్‌ఫోన్ సంగతి తర్వాత, అసలు పూల్‌లో దిగొచ్చో లేదో ఈఎన్‌టీ డాక్టర్‌ను అడగాలి.

పోలీస్ ఈవెంట్స్‌కు ప్రాక్టీస్ చేసే పిల్లలు కూడా ఇవి కొంటున్నారు కాబట్టి వాళ్ల కోసం ఒక మాట. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో అన్నది 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు పెట్టిన హద్దు, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు. ఆ రోజు గ్రౌండ్‌లో చెవుల్లో పాట ఉండదు. నిదానంగా ఎక్కువ దూరం పరుగెత్తే రోజుల్లో పాటలు వినండి, టైమ్ పెట్టుకుని పరుగెత్తే రోజు తీసేయండి. ట్రయథ్లాన్ పోటీల్లో కూడా హెడ్‌ఫోన్లకు అనుమతి లేదు.

వస్తువు ఎక్కువ కాలం మన్నాలంటే ఏం చెయ్యాలో చెప్తాను, ఇది నా పని కాబట్టి కాస్త నొక్కి చెప్తున్నా. ఇవి చచ్చిపోయేది పూల్‌లో కాదు, ఇంటికి వచ్చాక చార్జింగ్ పెట్టినప్పుడు. కొక్కెం లోపలి వైపు చార్జింగ్ కోసం బంగారు పూత పూసిన చిన్న చుక్కలు ఉంటాయి. పూల్ నుంచో పరుగు నుంచో వచ్చి, చెమట తడి ఉండగానే వైరు తగిలిస్తే ఆ ఉప్పు తడి గుండా ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు కరెంటు పారుతుంది. దాంతో పూత కరిగిపోతుంది, కింద రాగి బయటపడి ఆకుపచ్చ తుప్పు పడుతుంది. నా దగ్గరికి వచ్చేవాటిలో భూతద్దం కింద పెడితే ఒక చుక్క మెరుస్తూ, పక్క చుక్క పచ్చగా గుంట పడి కనపడుతుంది. బ్యాటరీ బాగుంటుంది, బోర్డు బాగుంటుంది, చార్జింగే ఎక్కదు. ఇంకో సంగతి, ఇవి విప్పి మళ్లీ అతికించే వస్తువులు కావు. విప్పిన తర్వాత కంపెనీ వేసిన సీలు మళ్లీ అట్లా కూర్చోదు. నేను బాగుచేసి ఇచ్చినా అది ఇక పరుగుకే, ఈతకు కాదని చెప్పే ఇస్తాను.

కాబట్టి ఈత కాగానే మంచినీళ్లతో నిదానంగా కడుగు, గుడ్డతో తుడువు, నీడలో గంటో రెండు గంటలో ఆరబెట్టు, ఆ తర్వాతే చార్జింగ్. మన జిల్లాల్లో బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో తెలిసిందే కదా, బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంది. అదే పొర చార్జింగ్ చుక్కల మీద కూడా కడుతుంది. వీలైతే మిషన్ భగీరథ నళ్లా నీళ్లో, తాగే నీళ్లో ఒక గ్లాసు వాడు. బోరు నీళ్లే గతైతే ఆరేదాకా వదిలెయ్యకుండా వెంటనే తుడిచెయ్యి. ఎండలో ఆరబెట్టొద్దు. బైక్ డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డు మీద అస్సలు వదిలిపెట్టొద్దు. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు. మన మే నెలలో నీడలోనే ఆ దరిదాపులకు పోతుంది, డిక్కీలో ఎంత ఉంటుందో నువ్వే ఆలోచించు.

ఇక బావి. తమ్ముడూ, ఇది ఒక్కటి మాత్రం నా మాట విను. బావికి పోయినప్పుడు హెడ్‌ఫోన్ ఇంట్లోనే పెట్టి పో. మనవాళ్లు బావిలో మెట్లు దిగి మెల్లగా ఈదరు, గట్టు మీద నుంచి దూకుతారు. 15 అడుగుల ఎత్తు నుంచి దూకితే నీళ్లను తాకేటప్పటికి వేగం గంటకు 34 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆ క్షణంలో నీళ్లు ఎదురుగా కొట్టే ఒత్తిడి, దాదాపు 15 అడుగుల లోతున ఉండే ఒత్తిడికి తక్కువ ఉండదు. హెడ్‌ఫోన్‌కు కంపెనీ ఇచ్చిన హామీ 2 మీటర్లు, అంటే ఆరున్నర అడుగులు. పైగా కదలకుండా ఉన్న నీళ్లలో. దూకిన దెబ్బకు అది చెవుల మీద నిలవదు, ఊడితే తేలదు, నేరుగా అడుగుకు పోతుంది. దానికోసం అడుగుకు మునిగేవాళ్లు ఉంటారు, నా అసలు భయం అదే. ఒక వస్తువు కోసం చీకటి నీళ్లలో, పూడిక పేరుకున్న బావిలో ఎవరూ దిగకూడదు.

మా వైపు సాగర్ ఎడమ కాలువ, ఏఎమ్మార్ కాలువ, కృష్ణా డ్యామ్ వెనక నిలిచిన నీళ్లు, వీటిలో ఇంకా ప్రమాదం. కాలువ గోడలు సిమెంటుతో వాలుగా ఉంటాయి, పాచి పట్టి జారుతుంటాయి, ప్రవాహం లాగుతుంటే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అక్కడ గట్టు మీద ఉన్నవాళ్ల కేక ఒక్కటే దిక్కు. చెవిలో ప్లగ్స్, ఎముకలో పాట పెట్టుకుంటే ఆ కేక వినపడదు. ఈ హెడ్‌ఫోన్ పూల్‌కు. అది కూడా లైఫ్‌గార్డు ఉన్న పూల్‌కు.

కొన్నాక వాపస్ ఇచ్చే గడువు ఎన్ని రోజులో చూసుకుని, ఆ లోపలే పరీక్షలన్నీ ముగించు. మొదటి రోజు చెవులు మూసుకునే పరీక్ష. రెండోది, మెమరీ ఉన్న మోడల్ అయితే రెండు మూడు పాటలు అందులో వేసి, ఫోన్‌లో బ్లూటూత్ ఆపేసి వాటంతటవే పాడుతున్నాయో లేదో చూడు. మూడోది, ఈతకు చేసిన మోడల్ అయితేనే, బకెట్ నిండా మంచినీళ్లు పోసి, పాట పాడుతుండగానే హెడ్‌ఫోన్ మొత్తం ముంచి అరగంట ఉంచు. బటన్ల దగ్గర, బిళ్లల అంచున గాలి బుడగలు వరుసగా పైకి వస్తుంటే సీలు పోయినట్టే, వెంటనే బయటికి తీసి వాపస్ పంపు. ముంచిన వెంటనే ఒకటి రెండు బుడగలు వచ్చి ఆగిపోతే అది పైన చిక్కుకున్న గాలి, కంగారు పడొద్దు. పరీక్ష చేసేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకో, వారంటీ అడిగేటప్పుడు నీ దగ్గర రుజువు ఉంటుంది. బిల్లు కాగితం మీద అక్షరాలు కొన్ని నెలల్లో చెరిగిపోతాయి, ఆ రోజే ఫోటో తీసుకో.